జీడితోటలో బెల్లం ఊట

పన్నెండేళ్లు అచ్యుతాపురం ఫ్యాక్టరీలకి రేకుల షెడ్ల ప్లాన్లు గీసిన చేతికి ఒక్కసారిగా కొండవాలు, జీడితోట, ఎదురుగా సముద్రం దొరికితే ఏమవుతుంది? పిచ్చెక్కుతుంది. నాకు ఎక్కింది. మా యోగా టీచరుగారు భీమిలి దగ్గర తన ఎర్రమట్టి నేల చూపించి, "ఇక్కడికి పదిమంది వచ్చి, నాలుగు రోజులుండి, హాయిగా ఊపిరి పీల్చుకుని వెళ్లాలి. హోటల్లా ఉండకూడదు. చెట్టు ఒక్కటి కూడా కొట్టకూడదు" అన్నప్పుడు సరేనన్నానో, గంతేశానో గుర్తులేదు. రెండూ చేసే ఉంటాను.

ఆవిడ పరవాడలో చాలాకాలం ఉన్నారు. పొద్దున్న లేవగానే కిటికీల మీద పవర్ ప్లాంటు బూడిద తుడవడమే మొదటి పని అట. భర్త పోయాక ఈ నేల ఆవిడకీ, మరిదిగారికీ ఉమ్మడిగా వచ్చింది. ఆ మరిదిగారికి గాజువాకలో సిమెంటు, ఇనుము కొట్టు. ఆయన నా ప్లాను చేతిలోకి తీసుకుని అటు తిప్పారు, ఇటు తిప్పారు.

"ఇదేటమ్మా, గోడ తిన్నగా ఎల్లకుండా మెలికలు తిరిగిపోనాది?"

"మధ్యలో చెట్లున్నాయి కదండీ. వాటిని తప్పించుకుని వెళ్తుంది."

"సిమెంటు నేదు, ఇనుము నేదు. మట్టిగోడ, పైన సున్నం. ఒక్క వాన కొడితే మా వదిన యోగా అంతా సముద్రంలో కలిసిపోద్ది."

నాకు ఒళ్లు మండిపోయింది. మట్టిగోడ వేసవిలో ఎంత చల్లగా ఉంటుందో, సున్నం గోడ ఎలా గాలి పీలుస్తుందో ఏకబిగిన చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విని, "ఒక్క గోడ కట్టి సూపించు. నా సేత్తో గీరతాను. రాలిందా, సిమెంటు స్లాబే. మా మేస్త్రీలే కట్టేత్తారు, నీకు శ్రమ అక్కర్లేదు" అన్నారు. అంటే నేను మళ్లీ రేకుల షెడ్లకి. నా సొంతమని చెప్పుకునే మొదటి బిల్డింగు ఆ ఒక్క గోడ మీద ఆధారపడింది.

గోడ బాగానే లేచింది. అక్కడి ఎర్రమట్టే తవ్వి, గడ్డి కలిపి, తొక్కి కట్టాం. అసలు కథ పైపూతది. గానుగలో నూరిన డంగు సున్నం గట్టిపడాలంటే అందులో కలిపే నీళ్లలో బెల్లం, కరక్కాయ వేసి పులియబెట్టి ఊట చెయ్యాలి. నేను స్వయంగా అనకాపల్లి వెళ్లి, రుచి చూసి మరీ బెల్లం తెచ్చాను. గోడకి రుచెందుకే అని మా అమ్మ ఒకటే నవ్వు. నీలం డ్రమ్ముల్లో ఊట వేసి, తోటలో అన్నిటికంటే దట్టమైన జీడిచెట్ల కింద పెట్టించి, పైన తాటాకులు కప్పించాను. ఎండ తగలదు, ఎవరి కంటా పడదు. ఆ తెలివికి నన్ను నేనే మెచ్చుకున్నాను.

పక్కనే చెట్ల నీడలో టీచరుగారి క్లాసు. స్టీల్ ప్లాంటులో రిటైరైన పెద్దవాళ్లే ఎక్కువ. ఊట పొంగడం మొదలయ్యాక వాసన తోటంతా కమ్మేసింది. వాళ్లేమో దాన్నే గుండెల నిండా పీల్చి వదులుతున్నారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒకాయన కళ్లు తెరిచి, "ఏమండోయ్ టీచరుగారూ, ఇవాళ ప్రాణాయామం భలే కుదిరిందండీ! తల తేలిపోతోంది!" అన్నారు. నేను చెట్టు చాటుకి పోయి నోట్లో చున్నీ కుక్కుకున్నాను.

ఊట తయారైన రోజు పొద్దున్న జీపొకటి వచ్చి ఆగింది. ఎక్సైజు వాళ్లు. ఎవరో వాసన పట్టి చెప్పారట. వాళ్లు తాటాకులు లాగేసరికి డ్రమ్ముల నిండా బుసబుసలాడుతున్న బెల్లం ఊట. చుట్టూ చాపల మీద కాళ్లూ చేతులూ బారజాపి, కళ్లు మూసుకుని పడి ఉన్న జనం. క్లాసు శవాసనంలో ఉంది మరి.

"ఎంత తాగారు వీళ్లు?" అన్నాడు ఆఫీసరు.

"తాగలేదండీ, యోగా!" అన్నాను.

"ఊట ఎవరిది?"

"నాదే! గోడకండీ."

"గోడ తాగుద్దా?"

ఇంతలో కానిస్టేబులొకడు సున్నం కలుపుతున్న మా మేస్త్రిని చూసి నోరెళ్లబెట్టాడు. "బావా, నువ్వేటి ఇక్కడ? సారా కాత్తన్నావా?"

"ఓలమ్మో! నాను సున్నం కలపతన్నాను బావా!"

ఆఫీసరు వినలేదు. ఒక్కో డ్రమ్మూ దొర్లించేశారు. ఎర్రమట్టి మీద నురగలు కక్కుతూ నా బిల్డింగు పల్లానికి పోతోంది. చివరి డ్రమ్ముని రెండు చేతులా వాటేసుకుని కూర్చున్నాను. "ఇది కూడా పోతే నా బిల్డింగు పోయినట్టే సార్. కావాలంటే మీ ముందే గోడకి పూసి చూపిస్తాను."

ఆయన నన్ను చూశాడు, గోడని చూశాడు. "పుయ్యి, చూద్దాం" అని జీపు బానెట్ మీద కూర్చున్నాడు.

పూశాం. శవాసనంలోంచి లేచిన పెద్దవాళ్లంతా వచ్చి నున్నటి గులకరాళ్లు పట్టుకుని రుద్దడం మొదలుపెట్టారు. కానిస్టేబులు బావ చొక్కా చేతులు మడిచాడు. కాసేపటికి గోడ తడికొబ్బరిలా నిగనిగలాడింది. ఆఫీసరు ఎప్పుడు దిగాడో, నా పక్కనే రాయి పట్టుకుని రుద్దుతున్నాడు. వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి, "మా మేడ ఉరుస్తోందమ్మా, దీంతో ఆగుతుందా?" అని అడిగాడు. అప్పుడొచ్చిన నవ్వు ఆగక కింద కూలబడ్డాను.

తర్వాత రెండు వారాలు మాత్రం నవ్వలేదు. వాన పట్టుకుంది. రోజూ స్కూటీ మీద తడుస్తూ వెళ్లి గోడని తడిమి వచ్చేదాన్ని. నిద్ర లేదు. వాన తెరిపిచ్చిన పొద్దున్న మరిదిగారు దిగారు. గోరుతో గీరారు. తృప్తి పడలేదు. చెయ్యి చాచి నా స్కూటీ తాళం అడిగి తీసుకుని, బలం కొద్దీ గీశారు. మళ్లీ గీశారు. టీచరుగారు అందరికీ ఊపిరి నేర్పే మనిషి, తను బిగబట్టి నిలబడ్డారు.

ఆయన నేల మీదకి చూశారు. పొడి లేదు, పెచ్చు లేదు.

"ఆ ఊట ఇంకా ఉందా?" అన్నారు.

"లేదండీ. వాళ్లు పారబోయగా మిగిలింది ఈ గోడకే సరిపోయింది."

తాళం నా చేతిలో పెట్టారు. "మరి నిలబడ్డావేటమ్మా? అనకాపల్లి ఎల్లి బెల్లం పట్రా. ఒక్క గోడలో యోగా ఎలా సేత్తారు?"