వెనక వేలు లేని పిట్ట

మొన్న అనంతపురంలో ఒక ప్రహరీగోడ మీద పిట్టల బొమ్మలు వేస్తుంటే ఆగి చూశాను. కాకి, చిలక, వాటి పక్కన వేపకొమ్మ మీద దర్జాగా కూర్చున్న బట్టమేక పిట్ట, గడ్డి బీళ్లలో నడిచి తిరిగే ఆ పెద్ద పిట్ట. "అది చెట్టెక్కే పిట్ట కాదు నాయనా" అన్నాను. బొమ్మలాయన వెనక్కి తిరక్కుండానే, "కొమ్మ లేకుంటే గోడ బోసిగా ఉంటాదమ్మా" అన్నాడు.

అది ఎందుకు చెట్టెక్కదో నాకు చెప్పింది మా మామ, అమ్మకు అన్న. గుమ్మఘట్ట దగ్గర ఆయనకు గొర్రెల మంద, గడ్డి తప్ప మరేదీ మొలవని బీడు ఉండేవి. సెలవులకు పోయినప్పుడు వాన పడితే (పడడమే అరుదు, అందుకే బాగా గుర్తు) మర్నాడు మెత్తటి మట్టిలో పిట్టల అడుగులు చూపించేవాడు. కాకికి ముందు మూడు వేళ్లు, వెనక ఒకటి. కొమ్మను పిడికిట్లో బిగిస్తుంది. చిలకకు ముందు రెండు, వెనక రెండు. అందుకే జామకాయను కాలితో పట్టుకుని తీరుబడిగా తింటుంది. బట్టమేకకు ముందు మూడే, వెనక అసలు లేదు. "దానికి కొమ్మ పట్టు దొరకదు పాపా, నేల మీదనే దాని బతుకు" అనేవాడు. "సొంత పిల్లోల్ల కాళ్లకు చెప్పులుండాయో లేదో చూడడు గానీ" అని అత్త సణిగేది.

చాలా ఏళ్ల తర్వాత బోరు ఎండింది, గాలిమరల వాళ్లు వచ్చారు. బీడు కౌలుకిద్దామన్నాడు మామ కొడుకు, మా బావ. మామ ఒప్పుకోలేదు. "ఎండుగడ్డి పెట్టి నా పిల్లోల్లను సాకమంటావా నాయనా?" అని బావ అడిగితే కాగితాల మీద వేలిముద్ర వేశాడు.

మరలు లేచాయి, కరెంటు తీగలు లాగారు. నేను అక్కడున్న ఒక ఉదయం మామ కంబళిలో ఏదో మోసుకొచ్చి అరుగు మీద దించాడు. తీగకు కొట్టుకుని మెడ విరిగిన బట్టమేక.

"పిట్టకు కండ్లుండవా? అంత లావు తీగ కనపడల్యా?" అన్నాడు బావ.

"అది నేల చూసుకుంటా బతికినాదిరా. తీగలు మనం కట్టిచ్చినాము."

కొడుకుతో మామ మాట్లాడిన ఆఖరి మాట అదే. ఒకే ఇంట్లో ఉంటూ, ఉప్పు కావాలన్నా అత్తతోనే చెప్పించేవాడు. ఆ కౌలుతోనే బావ పిల్లలు చదువుకున్నారు; మామ మందులూ అందులోనివే. మామ పోయిన రోజు బావ నా పక్కన కూలబడి, "ఒక్కసారన్నా తిట్టింటే బాగుండు కదే" అన్నాడు.

కోపాన్ని కాలమే చల్లారుస్తుందంటారు. మా ఇంట్లో కాలం ఆ పనికి పూనుకునేలోపే మనుషులు అయిపోయారు.