చప్పుడు లేని మోటారు

మా చిన్నమ్మ చీరాల దగ్గర ఒక నేత వీధిలో గుంట మగ్గం నేసేది. పెళ్ళై వచ్చినప్పటి నుంచీ అదే మగ్గం, ఇంటి ముందు గదిలో. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి కూర్చుని, కింది చెక్కలను ఒకదాని తర్వాత ఒకటి తొక్కుతూ, చేత్తో దారపు కండె ఉన్న నాడె అటూ ఇటూ ఆడిస్తూ, పోగుల్ని దగ్గరికి నెట్టే పన్నె కొడుతూ రోజంతా నేసేది. మోకాళ్ళు అరిగిపోయాయని, ఇక మగ్గం మానేయమని డాక్టరు చెప్పాడు. ఆ మాట నాకు చెబుతున్నప్పుడు ఆమె ఏడవలేదు. కోపంగా చూసింది.

"గుంటూరులో కూర్చుని ఎవరెవరికో మిషన్లు చేస్తావు గదరా! నా కాళ్ళ బదులు తొక్కేది ఒకటి చెయ్యి. మగ్గం లేకుండా ఈ ఇంట్లో నేనేం చెయ్యాలి? గోడలు చూస్తా కూర్చోనా?"

నా ఉద్యోగం అదే. కొత్త వస్తువును కాగితం మీద గీసినప్పటి నుంచి ఫ్యాక్టరీలో వరసగా తయారయ్యేదాకా నడిపించాలి. విడిభాగాలు చేసిచ్చే సప్లయర్లను వెతకాలి, బతిమాలాలి, కసరాలి. మా కంపెనీ పొలాల్లో మందు కొట్టే స్ప్రేయర్లు చేస్తుంది. ఒక మగ్గానికి పనికొచ్చేది ప్రతి నేత ఊరికీ పనికొస్తుందని యజమానిని ఒప్పించాను. చిన్నమ్మ మాత్రం ఒకే షరతు పెట్టింది. చప్పుడు రాకూడదు. రోజంతా దాని పక్కనే కూర్చోవాలి కాబట్టి అడిగిందనుకున్నాను.

మోటారు తెప్పించడం తేలికే. పళ్ళచక్రాల దగ్గరే తిప్పలు. గుంటూరులో కారం మిల్లులకు చక్రాలు కోసే ఒక వర్క్‌షాపు ఓనరు ఇచ్చిన మొదటి జత తిప్పితే గది అదిరిపోయింది. వెనక్కి తీసుకెళ్ళాను.

"మిషనన్నాక చప్పుడు చెయ్యదా సార్? కారం మిల్లు మూగగా తిరిగితే బేరమే రాదు. ఏంటి, దీన్ని దొంగతనానికి పంపిస్తున్నారా?"

"మా చిన్నమ్మ అడిగిందండి."

"ఆ మాట ముందు చెప్పొద్దా! చిన్నమ్మగారు అడిగాక చచ్చినట్టు చెయ్యాల్సిందే."

ఎగతాళి చేసినా మనసు పెట్టి చేశాడు. ఇనుము వదిలేసి నైలాన్ చక్రాలు కోశాడు. అవి ఎండల వేడికి ఉబ్బి పట్టేశాయి. మళ్ళీ కోశాడు. అది కుదిరాక, యంత్రం చెక్కను కుదుపుతో లాగేసరికి పడుగు దారాలు తెగాయి. మెత్తటి స్ప్రింగులు అడిగితే ఇంకో సప్లయరు లారీకి సరిపోయేవి పంపాడు. కళ్ళాల్లో మిరపకాయలు ఎండుతున్నప్పుడు మొదలైన పని, మళ్ళీ మిరప నారు నాటేటప్పటికి ఒక కొలిక్కి వచ్చింది.

బిగించిన రోజు చిన్నమ్మ గుంటలో కాళ్ళు ఊరికే వేలాడేసి నేసింది. చెక్కలు వాటంతట అవే దిగి లేస్తుంటే చిన్నపిల్లలా వంగి వంగి చూసింది. నేను వీధిలోకి వెళ్ళి విన్నాను. నాడె చప్పుడు, పన్నె చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. గర్వంగా లోపలికి వచ్చి చెప్పాను.

"పక్కింటి గోడ దగ్గర నిలబడి విన్నావా? నిజంగా వినపళ్ళేదా?"

అప్పటికి గాని ఆమె భయం నాకు అర్థం కాలేదు. మోటారు తగిలితే చేనేత కాదంటారు. చేనేత కాదన్న చీరను, వీధి చీరలన్నీ కొనే నేతగాళ్ళ సహకార సంఘం తీసుకోదు.

కొన్ని చీరలు వెళ్ళాయి. తర్వాత ఒక రోజు సంఘంలో చీరలు తనిఖీ చేసే పెద్దాయన ఇంటికి వచ్చాడు. ఆయనా నేతగాడే. నేను అక్కడే ఉన్నాను.

"అమ్మాయ్, మగ్గానికి ఏం పెట్టావు?"

"ఏం పెడతా బాబాయ్? గుడ్డలో ఏమన్నా తప్పొచ్చిందా?"

"గుడ్డకేం, బంగారంలా ఉంది. మధ్యాహ్నం దాటితే ఎవరి మగ్గమైనా నెమ్మదిస్తుంది. నీది పొద్దున ఎట్టా కొట్టిందో పొద్దుగూకేటప్పుడూ అట్టానే కొడతంది. వీధిలో అందరికీ తెలిసిపోయిందమ్మా."

మోటారు చప్పుడు ఎవరికీ వినిపించలేదు. చిన్నమ్మ అలిసిపోకపోవడం అందరికీ వినిపించింది.

సంఘం మీటింగులో మాట్లాడతానన్నాను. మడీ మైలలకు వ్యతిరేకంగా కాలేజీ రోజుల నుంచీ గుంటూరు సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. "మీ నూలు వడికింది మిల్లు మోటారు. దాన్ని ఊరికి మోసుకొచ్చింది లారీ. వాటికి లేని మైల నా మోటారుకే అంటుకుందా? నాడె ఆడేది చేత్తో, పన్నె కొట్టేది చేత్తో. మోకాళ్ళు అరిగితే తప్ప చీర పవిత్రం కాదంటే దాన్ని నేత అనకండి, మొక్కు అనండి!" కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

పెద్దాయన రెండు చేతులూ మోకాళ్ళ మీద ఆనించి లేచాడు. "నువ్వన్నది నిజమే బాబూ. కానీ ఒక ఇంట్లో మోటారు ఉందంటే కొనేవాడు వీధి మొత్తాన్నీ అనుమానిస్తాడు. అప్పుడు ఈ మిగతా మగ్గాలన్నీ ఏమైపోవాలి?"

ఈ రోజుకీ నా వాదనలో తప్పు నాకు కనబడదు. చేతి పనిని గౌరవిస్తున్నామనుకుంటూ మనిషి నొప్పిని కొనేవాళ్ళ మీద నా కోపం చల్లారలేదు. కానీ మోకాళ్ళు పట్టుకుని లేచిన ఆ ముసలాయన మీద ఎంత ప్రయత్నించినా కోపం రాలేదు.

ఇంటికి వస్తూ చిన్నమ్మ అంది. "బాగా మాట్లాడావురా. మరి చీర ఎవరు తీసుకుంటారు?"

"బయట అమ్ముదాం."

"వీధిని కాదని అమ్ముకుని, రేపు ఎవరి గుమ్మం తొక్కను?"

యంత్రాన్ని తనే విప్పించింది. కొన్నాళ్ళు మళ్ళీ కాళ్ళతోనే తొక్కింది. ఒక సాయంత్రం గుంటలోంచి లేవలేకపోతే పక్కింటివాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. కంపెనీ ఆ పని ఆపేసింది. ఇక చక్రాలు కోయొద్దని వర్క్‌షాపు ఓనరుకు ఫోన్ చేశాను.

"చిన్నమ్మగారికి నచ్చలేదా సార్?"

"నచ్చిందండి," అన్నాను.

చిన్నమ్మ వేటపాలెంలో జీడిపప్పు ఏరే పనికి కుదిరింది. కూర్చుని చేసే పనేనని తనే నాకు ధైర్యం చెప్పింది. మోటారు పెట్టె తీసుకెళ్ళమంటే వెళ్ళాను. మగ్గం లేదు. గుంటను ఇసుకతో పూడ్చి పైన సిమెంటు చేయించింది. ముందు గది ఎన్నడూ లేనంత పెద్దగా ఉంది. గోడ పట్టుకుని నిలబడి ఉంది చిన్నమ్మ. పెట్టె కోసం నేను లోపలికి అడుగు వేయబోయాను.

"గోడ పక్కగా రారా," అంది. "మధ్యలో ఇంకా ఆరలేదు."