మైకా షెడ్డులో గీతల కాయితం

గూడూరు దగ్గర అభ్రకం రేకులు చీల్చే ఒక మైకా షెడ్డులో నేను పనికి చేరింది అరవైల మొదట్లో. లెక్కల్లో డిగ్రీ తీసుకుని, ఉద్యోగం దొరక్క ముత్తుకూరులో మా పొలం గట్ల మీద తిరుగుతుంటే, ఆ షెడ్డు యజమాని పిలిపించి పది రోజులు మద్రాసు పంపించాడు. సరుకు తయారవుతున్నప్పుడే కొలతల్ని గ్రాఫు కాగితం మీద చుక్కలుగా పెట్టి, పని దారి తప్పుతోందా లేదా అని కనిపెట్టే పద్ధతి అక్కడ నేర్పారు. సరుకు కొనే విదేశాల వాళ్లు మైకా రేకుల మందంలో వెంట్రుకవాసి తేడాను కూడా ఒప్పుకోవడం లేదని యజమాని బెంగ.

షెడ్డులో నలభై మంది దాకా ఆడవాళ్లు నేల మీద వరసగా కూర్చుని, కత్తిమొనతో మైకా పలకల్ని పలచటి రేకులుగా చీల్చేవాళ్లు. వాళ్లలో పెద్దది వాకాడు వైపు నుంచి వచ్చిన ఒక అవ్వ. సగం మందికి కత్తి పట్టడం నేర్పింది ఆమే. రేకును రెండు వేళ్ల మధ్య ఒక్కసారి రుద్ది, మందమో పలచనో చెప్పేసేది.

చేరిన వారానికే నేను గోడకు గ్రాఫు కాగితం అంటించి, మధ్యన ఒకటి, పైన ఒకటి, కింద ఒకటి గీతలు గీశాను.

"ఏందబ్బయ్యా ఇది, మా జాతకమా?" అని అడిగింది అవ్వ.

"పని జాతకం అవ్వా. గంటకోసారి ఐదుగురి దగ్గర ఒక్కో రేకు తీసుకుంటా. మందం కొలిచి, సరాసరి కట్టి, ఇక్కడ చుక్క పెడతా. చుక్క ఈ పై గీతకీ కింది గీతకీ నడుమ ఎంత ఎగిరినా పరవాలేదు. గీత దాటితే మాత్రం ఏదో మారినట్టు."

"దాటకపోతే?"

"మిమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనకూడదు."

ఆ మాట షెడ్డంతటికీ నచ్చింది. మూడు వారాలు చుక్కలు గీతల మధ్య హాయిగా ఆడుకున్నాయి. వచ్చేపోయేటప్పుడు అందరూ ఆ కాగితం వంక ఓ చూపు చూసేవాళ్లు. నాకూ కాస్త గర్వం తలకెక్కింది. కొలిచే గేజీ ముల్లును రోజూ సున్నాకు సరిచేయమని మద్రాసులో చెప్పారు. సోమవారం ఒకసారి చేస్తే వారమంతా చాలులే అనుకున్నాను.

ఒక బుధవారం మధ్యాహ్నం చుక్క పై గీత దాటింది. తరవాతి గంటదీ దాటింది. మర్నాడు పొద్దున కూడా అంతే. షెడ్డులో పని చేయించే మేస్త్రీకి చెప్పాను. ఆయన షెడ్డు మధ్యలో నిలబడి కేకలేశాడు.

"రేకులు మందంగా వస్తాండాయి! అంతా బిరబిరా చీల్చి పారేస్తాండారు. అవ్వా, నువ్వు నేర్పిన పనేనా ఇది?"

రెండు పెట్టెల రేకుల్ని మళ్లీ చీల్చమన్నాడు. వాళ్లు తలవంచుకుని చీల్చారు. అవ్వ మాత్రం లేచి నా బల్ల దగ్గరకు వచ్చింది.

"అబ్బయ్యా, ఐదుగురి దగ్గర తీసుకుంటా అన్నావే. ఎవుర్ది మందంగా ఉండాది?"

"అందరిదీ అవ్వా."

"ఎంత?"

పుస్తకం చూశాను. అందరిదీ ఇంచుమించు ఒకే కొలత పెరిగింది.

"నలభై మందికీ ఒక్క పూటలో, ఒక్క తీరుగా చెయ్యి మొద్దుబారిందా నాయనా?"

ఆమె ఒక రేకు తీసి వేళ్ల మధ్య రుద్దింది. "ఇది సన్నంగానే ఉండాది. నీ మిషన్‌లో పెట్టు." పెట్టాను. ముల్లు మందమనే చూపించింది. ఆమె రేకు తీసేసి, గేజీ కింద రేకు పెట్టే ఇనప దిమ్మె మీద బొటనవేలు పోనిచ్చింది. తరవాత గోరుతో ఏదో గీకి నా అరచేతిలో పెట్టింది. చూస్తే ఏమీ కనపడలేదు. వెలుతురులోకి తిప్పితే మెరిసింది. నీళ్లంత తేటగా ఉన్న మైకా పొర. బుధవారం నుంచి అది దిమ్మెకు అతుక్కుని, ప్రతి రేకుకూ తన మందం కలుపుతూ కూర్చుంది.

మళ్లీ చీల్చిన రెండు పెట్టెలూ మరీ పలచనైపోయి చెడిపోయాయి. ముందు ఆడవాళ్ల దగ్గరకు వెళ్లి తప్పు నాదని చెప్పాను. తరవాత యజమాని దగ్గరకు వెళ్లి అదే చెప్పాను. ఆయన నా పుస్తకం తెరిచి చూశాడు.

"నీ కాయితం అబద్ధం చెప్పలేదు కదయ్యా. ఏదో మారిందంది, మారింది. ఏది మారిందో చూడకుండా మీరే ఎగిరినారు."

మేస్త్రీ ఆ సాయంత్రం అవ్వ దగ్గర కూర్చుని ఆకూవక్కా ఇచ్చాడు. ఆయన క్షమాపణ అంతే, కానీ ఆమె తీసుకుంది. గీత దాటిన చుక్కల కింద నేను కారణం రాస్తుంటే, "చదువు, మేమూ వింటాం" అందామె.

"కొలిచేవాడి తప్పు" అని చదివాను. షెడ్డు షెడ్డంతా నవ్వింది. నేనూ నవ్వాను. మర్నాటి నుంచి ప్రతి గంటా కొలిచే ముందు మల్లుగుడ్డతో దిమ్మె తుడిచి, సున్నా చూసేవాణ్ణి. మరిచిపోతే వరసలోంచి ఎవరో ఒకరు "గుడ్డా!" అని అరిచేవాళ్లు.

కొన్నాళ్లకు అవ్వ కొత్త పెట్టెలోంచి పలక తీసి, నాలుగు రేకులు చీల్చి, కత్తి కింద పెట్టేసింది.

"ఇది మన గని రాయి కాదబ్బయ్యా. బిరుసుగా ఉండాది. నీ చుక్క ఎగురుతాది చూడు."

ఆ గంట రేకులు కొలిచాను. చుక్క గీత దాటింది. పరుగెత్తి విచారిస్తే, సరుకు చాలక పక్క గని నుంచి రెండు పెట్టెలు తెప్పించారట. మేస్త్రీ ఈసారి ఎవర్నీ ఏమీ అనలేదు. వాటిని విడిగా పెట్టించి, అవ్వకూ మరో నలుగురు చెయ్యి తిరిగినవాళ్లకూ ఇచ్చాడు.

యజమాని వచ్చి కాగితం ముందు నిలబడ్డాడు. "ఇది కనిపెట్టింది గీతలా, లేక అవ్వా?"

"అవ్వ ముందు, గీతలు తరవాత" అన్నాను.

"అయితే ఇద్దర్నీ ఉండనీ" అని నవ్వి, ఆ కొత్త రాయికి విడిగా గోడకు ఇంకో గ్రాఫు కాగితం అంటించమన్నాడు. దాని మీద మొదటి చుక్క అవ్వే పెట్టింది. పెన్సిలును కత్తిలాగే పట్టుకుని, నాలుక కొస పళ్ల మధ్య బిగించి, మధ్యగీత మీద సరిగ్గా పెట్టింది.