పొమ్మన్న నోరే రమ్మనాల

మా నాయనకు గొంతు తీసేసిన ఏడాదే మా జిల్లానూ కోశారు. కందుకూరు నెల్లూరులో కలిసింది, మేం ఒంగోలుకే మిగిలాం. నాయన ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి జిల్లా సంగతి జనం మర్చిపోయారు. ఆయన గొంతు లేకపోవడం మాత్రం మాకు ఎప్పటికీ అలవాటు కాలేదు.

బీడీలు తెచ్చిన జబ్బు అది. లోపల గొంతును పూర్తిగా తీసేసి, ఊపిరి కోసం మెడ కింద చిన్న రంధ్రం పెట్టారు. దాని మీద తడిగుడ్డ కట్టుకునేవాడు. గుట్ట మీద నిలబడి కేకేస్తే కిందున్న గొర్రెలన్నీ తలెత్తి చూసేవి ఒకప్పుడు. అలాంటి మనిషి నీళ్లు కావాలంటే స్టీలు గ్లాసు మీద చెంచాతో కొట్టేవాడు. "ఇన్నేండ్లు నామీద అరిచినాడు, ఇప్పుడు పూజారి మాదిరి గంట కొడ్తన్నాడు" అని అమ్మ ఎగతాళి చేసేది. అని, వంటింట్లోకి పోయి ఏడ్చేది.

నేను అప్పటికి ఇంట్లోనే ఉన్నాను. కరోనాకు హైదరాబాదు నుంచి వచ్చి, పెద్దారవీడు దగ్గర మా ఊళ్లోనే కూర్చుని ఉద్యోగం చేస్తున్నాను. దుకాణాల వాళ్లు బిల్లులు కొట్టుకునే ప్రోగ్రాములు రాయడం నా పని. అందులోనూ నా వంతుకు వచ్చింది చాలా చిన్న ముక్క. కంప్యూటరు తెర మీద ఎన్ని విండోలు తెరిచి ఉన్నా, మనం కీబోర్డు మీద కొట్టే అక్షరం ఒక్క విండోకే పోతుంది. ఆ అదృష్టం ఏ విండోది అయితే దానికి ఫోకస్ ఉందంటాం. ఫోకస్ వచ్చినప్పుడు ఒక కబురు, పోయినప్పుడు ఒక కబురు ప్రోగ్రాముకు అందుతాయి. ఆ కబుర్లు పట్టుకుని, సగం కొట్టిన బిల్లు గల్లంతు కాకుండా చూడాలి నేను. ఊళ్లో ఎవరైనా ఏం పని చేస్తున్నావని అడిగితే కంప్యూటరు పని అని ఊరుకునేదాన్ని. ఇంతకన్నా చెప్తే దీనికి కూడా జీతం ఇస్తారా అంటారని భయం.

నాయన కోసం పాత లాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం రాశాను. కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు అంటించాను. కొట్టి ఎంటర్ నొక్కితే కంప్యూటరు దాన్ని పైకి చదువుతుంది. గొంతు వార్తలు చదివేవాడి గొంతు. మొదటిరోజు అది "పులుసులో ఉప్పు లేదు" అని గంభీరంగా ప్రకటించేసరికి అమ్మ చేతిలో గరిటె జారిపోయింది. నాయన నవ్వాడు. ఆయన నవ్వితే శబ్దం రాదు, మెడ మీద గుడ్డ మాత్రం కదులుతుంది. ఆపరేషన్ తర్వాత ఆ గుడ్డ అలా కదలడం నేను అప్పుడే చూశాను.

ఆయన ఒంటి వేలితో, తల వంచుకుని, చెనక్కాయల్లో పుచ్చులు ఏరినట్టు ఒక్కో అక్షరం వెతికి కొట్టేవాడు. తెర వైపు చూసేవాడు కాదు. చిక్కు అక్కడే వచ్చింది. మధ్యలో తెర మీద ఏదో ఒక చిన్న పెట్టె, బ్యాటరీ గురించో అప్‌డేట్ గురించో, ఎక్కడి నుంచో వచ్చి ఫోకస్ లాక్కునేది. నాయన కొట్టే అక్షరాలన్నీ దానికి పోయేవి. చివర్న ఎంటర్ నొక్కి, గొంతు వస్తుందని ఎదురుచూసి, అప్పుడు తలెత్తేవాడు.

నాకు తెలిసిన విద్య అదొక్కటే కదా. ఫోకస్ పోయిన క్షణంలోనే "ఆగు నాయనా, నాకు వినపడ్డం లేదు" అని కంప్యూటరే అరిచేట్టు రాశాను. బాగా పనిచేసింది. అయితే ఒకనాడు హనుమంతునిపాడు నుంచి పొట్టేళ్లు కొనేవాళ్లు వచ్చి కూర్చున్నప్పుడు అది అలాగే అరిచింది. వాళ్లు పగలబడి నవ్వారు. నాయన లాప్‌టాప్ మూత మూసేశాడు. వాళ్లు పోయాక నాకోసం కొట్టిన మాట ఇది: "నలుగురిలో నన్ను ఆగమంటదా."

ఆ అరుపు తీసేసి, ఫోకస్ పోతే విండో చుట్టూ ఎర్రటి అంచు వచ్చేట్టు మార్చాను. ఎర్రగా ఉంటే కొట్టొద్దని చెప్పాను. సరేనని తలూపాడు. పోయిన ఫోకస్‌ను ప్రోగ్రామే మళ్లీ లాక్కునేట్టు రాయాలని కూడా చూశాను గానీ కంప్యూటరు ఒప్పుకోదు. అలా ఒప్పుకుంటే ప్రతి ప్రోగ్రామూ పక్కదాని నోటికాడ కూడు లాక్కుంటుందని దాని న్యాయం. తెర అడుగున మన ప్రోగ్రాము గుర్తు మిణుకుమిణుకుమంటుంది, అంతే. పోయిందని తెలుసుకోవచ్చు, తెచ్చుకోలేం.

ఇప్పుడు మా పెద్దత్త సంగతి చెప్పాలి. నాయనకు అక్క, అర్ధవీడు వైపు ఇచ్చారు. ఆమె కూతురి పెళ్లిలో పెళ్లికూతుర్ని చేయిపట్టి పీటల మీదికి తేవాల్సిన మేనమామ మా నాయన. ముందురోజు వానకు మందలో గొర్రెలు జబ్బు పడితే ఆయన అడివి దగ్గరే చిక్కుకుపోయాడు. వచ్చేసరికి ఇంకెవరో తెచ్చి కూర్చోబెట్టారు. అత్త అందరి ముందరా నోరు చేసుకుంది. నాయనకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఇంక నా ఇంటికి రావద్దు పో" అన్నాడు. ఆమె పెళ్లి పందిట్లోనే ఒట్టు పెట్టుకుంది. పొమ్మన్న నోరే రమ్మనాల, వాడే పిలిచి అది నా చెవిన పడితే తప్ప ఆ గడప తొక్కనని.

మా వైపు ఈ పట్టింపు గట్టిది. పెళ్లాం పిలిచినా పిల్లలు పిలిచినా లెక్కలోకి రాదు. ఏళ్ల తరబడి నాయన పిలవలేదు, ఆమె రాలేదు. పిలవాలని ఆయనకు బుద్ధి పుట్టేనాటికి పిలిచే నోరు లేదు. ఈ మాట నేను అంటున్నది కాదు, ఆయనే ఒక పొద్దున కొట్టి వినిపించాడు. వార్తల గొంతులో ఆ మాట వింటుంటే నాకు ఎక్కడికన్నా పారిపోవాలనిపించింది.

నేనే అర్ధవీడు పోయి అత్తను బతిమాలాను. ఫోన్లో వినిపిస్తానంటే ఫోన్లో ఎవుడైనా మాట్లాడతాడని కొట్టిపారేసింది. కంప్యూటరు సంగతి చెప్తే ఆ గొంతు ఎవరిదని ఆరా తీసింది. మాట వాడిదైతే పనిముట్టు ఎవరిదైతే ఏమని చివరికి ఒప్పుకుంది. ఒక షరతు మాత్రం పెట్టింది.

"వాడి చేత్తో వాడే కొట్టాల. నువ్వు లోపల ఉండగూడదు అమ్మీ. నా పక్కన నిలబడు."

ఆమె వచ్చిన రోజు నేను పొద్దుటి నుంచే లాప్‌టాప్ సిద్ధం చేసి పెట్టాను. రెండుసార్లు కొట్టించి చూశాను. నాయన గడ్డం గీయించుకుని, ఉతికిన పంచె కట్టుకుని కూర్చున్నాడు. 'రా' అని ఊరుకుంటే పొట్టిగా ఉంటుందట, 'లోపలికి రా అక్కా' అని మొత్తం కొడతానన్నాడు. బయట ఆటో ఆగింది. నేను వాకిట్లోకి పోయాను. అత్త చేతిలో సంచి, నెత్తిన కొంగు. నన్ను చూడగానే నా మణికట్టు పట్టుకుని పక్కన నిలబెట్టుకుంది. అమ్మ గడప లోపలే తలుపు చాటున నిలబడింది.

కిటికీ ఊచల్లోంచి నాయన పక్కవాటంగా కనపడుతున్నాడు. ఆయన చేయి లేచింది. లాప్‌టాప్ లోంచి టంగుమంది. మళ్లీ టంగుమంది.

ఆ శబ్దం దేనిదో నాకు తెలుసు. తనకు పనికిరాని అక్షరం వస్తే అడ్డం వచ్చిన పెట్టె చేసే శబ్దం అది. తల పక్కకు వంచి తెర చూశాను. అంచు ఎర్రగా ఉంది. నా ప్రోగ్రాం చేయాల్సిన పని తప్పు లేకుండా చేసింది. ఫోకస్ పోయిందని దానికి తెలుసు, నాకు తెలుసు. తెలియాల్సిన మనిషి తల దించుకుని తర్వాతి అక్షరం వెతుకుతున్నాడు. నా ప్రోగ్రాం విండో ఎప్పుడూ అన్నిటికన్నా పైన కనపడేట్టు రాశాను కాబట్టి, ఆ పెట్టె దాని వెనక దాక్కుంది. తలెత్తినా ఆయనకు అంచు తప్ప ఏమీ కనపడేది కాదు.

"నాయనా, తలెత్తు" అని అరిచాను.

అత్త చేయి బిగించింది. "ఏంది, నువ్వు చెప్పిస్తన్నావా?"

లేదత్తా అన్నాను. అంతకన్నా ఏం చెప్పను? ఫోకస్ పోయిందని చెప్పనా? లోపలికి పరిగెత్తి ఒక్క నొక్కు నొక్కితే సరిపోతుంది. అప్పుడు ఆ పిలుపు నాదైపోతుంది, ఆమె తిరిగి ఆటో ఎక్కుతుంది. నాయన నా అరుపు విని, తొందర పెడుతున్నానని అనుకున్నట్టుంది, ఇంకా వేగంగా కొట్టాడు. టంగ్, టంగ్, టంగ్. 'లోపలికి' అయిపోయింది. రెండు మాటల మధ్య ఖాళీ కోసం పొడుగు కీ నొక్కాడు.

ఖాళీకి నొక్కే ఆ కీయే, ఏదన్నా పెట్టె ఎదురుగా ఉంటే, దానికి సరే అని చెప్పినట్టు. ఆ పెట్టె అడిగింది ఒకటే, ఇప్పుడు ఆపి మళ్లీ మొదలుపెట్టమంటావా అని. నేను ఎన్నాళ్ల నుంచో వాయిదా వేస్తూ వచ్చిన అప్‌డేట్ అది. వాయిదా గడువు ఆ మధ్యాహ్నమే తీరిందట. తెర నల్లబడి, తర్వాత నీలంగా మారి, చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. నాయన మిగతా అక్షరాలు కూడా కొట్టి, ఎంటర్ నొక్కి, చెవి రిక్కించి కూర్చున్నాడు. తర్వాత తలెత్తి చూశాడు.

నేను అత్తకు చెప్పాను, మిషను ఆగిపోయింది, కాస్త కూర్చో, మళ్లీ మొదలవుతుందని. ఆమె వాకిట్లో నిలబడే ఉంది. చుక్కలు తిరుగుతూనే ఉన్నాయి. అప్పుడు నాయన లేచి గడప దగ్గరికి వచ్చాడు. ఇన్నేళ్లకు ఇద్దరూ ఎదురుబొదురు. ఆయన నోరు తెరిచాడు. పెదవులు కదిలాయి. ఊపిరంతా మెడ దగ్గరి గుడ్డలోంచి పోయింది.

"పిలుస్తున్నాడత్తా, చూడు" అన్నాను.

"కనపడతాంది అమ్మీ. వినపళ్లా."

ఆమె కళ్ల నీళ్లు కారుతున్నాయి. గడప ఇవతల నిలబడే చేయి చాపి, జారిపోతున్న ఆ గుడ్డను సర్దింది. "ఒట్టు పెట్టుకున్నా గదరా. వినపడితే వచ్చేదాన్ని" అంది. మొండిది అని నాకు ఒళ్లు మండింది. ఇప్పటికీ మండుతుంది.  సంచిలో తెచ్చిన రొట్టెలు గడప అవతల పెట్టి, మిషను బాగయినాక మళ్లీ వస్తాలే అని, కంభం బస్సు అందుకోవాలని వెళ్లిపోయింది. ఆటో సందు దాటుతుంటే కంప్యూటరు తెరుచుకుంది.

మర్నాటి నుంచి నాయన రోజూ పొద్దున్నే లేచి దాన్ని పరీక్ష చేసేవాడు. ఇప్పుడు ప్రతి అక్షరానికీ తలెత్తి అంచు చూసేవాడు. "లోపలికి రా అక్కా" అని అది వాకిట్లోకి వార్త చదివేది. ఎదురింటావిడ ఎవర్ని పిలుస్తున్నారని అడగడం కూడా మానేసింది. ఒక్కసారీ తప్పు పోలేదు. అత్తకు మాత్రం కందులు విత్తే పని, తర్వాత మోకాళ్ల నొప్పులు. వచ్చేవారం, పై వారం అని కబురు చేస్తూ వచ్చింది.

ఆమె వచ్చింది, ఆయన పోయిన రోజున. మా దగ్గర మనిషి పోతే ఇంట్లో ఉంచరు, వాకిట్లో పడుకోబెడతారు. అత్త వచ్చి ఆయన పక్కన కూలబడింది. గడప తొక్కే అవసరమే రాలేదు. అమ్మ లోపలికి రా వదినా అంటే తల అడ్డంగా ఊపింది. చాలాసేపటికి నన్ను దగ్గరికి పిలిచి మెల్లగా అంది.

"ఆ మిషనుతో ఒకసారి పిలిపియ్యి అమ్మీ."

వాడి చేత్తో వాడే కొట్టాలన్న మనిషి ఆమె.  లోపలికి పోయి లాప్‌టాప్ తెరిచి కూర్చున్నాను. అంచు ఎర్రగా లేదు, అడ్డం ఏదీ రాలేదు. అక్షరాలన్నీ ఎక్కడికి పోవాలో అక్కడికే పోయాయి. ఎంటర్ నొక్కాను. లోపలికి రా అక్కా అని గొంతు వాకిట్లోకి స్పష్టంగా వినపడింది. జనం మాటలు ఆగాయి.

కిటికీలోంచి చూశాను. అత్త ఆయన మెడ మీద గుడ్డ సర్దుతూ, "వస్తన్నా తమ్ముడా" అంది. అంది గానీ, అక్కడి నుంచి లేవలేదు.