చింతాకు పెట్టిన పుస్తకం

నా చిన్నప్పుడు చేసిన ఒక మోసాన్ని నా నోటితో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ప్రతిరోజూ ఏదో ఒకటి రాసుకునే డైరీలో కూడా ఆ రోజు పుట ఖాళీగానే ఉంది. చిన్నప్పుడు అంటున్నాను గాని అప్పటికి నాకు పదహారేళ్లు. అది జరిగి పదేళ్లు కూడా కాలేదు. అయినా ఆ లంగా ఓణీ పిల్ల ఎప్పటిదో, ఎవరి బాల్యానికో చెందినదిలా కనిపిస్తుంది.

కన్నడ సీమలో చింతామణి పట్నానికి మా ఊరు ఆరు మైళ్లు. ఆ ఏడు మా ఊళ్లో ఎస్.ఎస్.ఎల్.సి. ప్యాసైన ఆడపిల్లను నేనొక్కదాన్నే. హెడ్ మేష్ట్రు మా నాయనను పిలిపించి, మార్కులు బాగున్నాయి, ఈ పిల్లను ఇంట్లో కూర్చోబెట్టవద్దు అన్నారు. రాగి చేను, వేరుశనగ చేను తప్ప మా నాయనకు వేరే లోకం తెలియదు. ఇంటికి వచ్చి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, నేరుగా పక్కింటి అక్క దగ్గరికి వెళ్లాడు. కాలేజీ సంగతి ఏదైనా మా ఊళ్లో ఆమెనే అడగాలి.

నిజానికి ఆ అక్క బెంగుళూరులో ఇంటర్మీడియట్‌కు వెళ్లి, లెక్కల్లో తప్పి, తిరిగి వచ్చేసిన మనిషి. భద్రావతిలో పనిచేసే వాళ్లన్న లెక్కలు తీసుకోమన్నాడని తీసుకుంది. ఆమెకు ఇష్టమైనది చరిత్ర. ఆ మాట అప్పుడు ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంటికి వచ్చాక తల్లితో కలిసి పట్టుపురుగులు పెంచుతూ, ఊళ్లో పైచదువుకు పోయే పిల్లలందరి అర్జీలూ తనే నింపేది. మా అవ్వకు ఇది నవ్వులాటగా ఉండేది.

"తాను తప్పి వచ్చిన పిల్ల, ఊరోళ్ల పిల్లోళ్లకు దోవ చెప్తాండాది," అని గోడ అవతలికి వినిపించేటట్టే అనేది.

"తప్పినదానికే తెల్సు కదవ్వా, యాడ గుంతలుండాయో," అని అక్క అవతలి నుంచే నవ్వేది.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆ అక్కే. బడిలో మాకు అంతా కన్నడమే. సాయంత్రాలు ఆమె పురుగుల కోసం మల్బరీ ఆకు తరుగుతుంటే పక్కన పలక పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంట్లో మాట్లాడుకునే మాటను అట్లాగే రాసి పెట్టుకోవచ్చునని తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నలుగురిలో నోరు విప్పలేని నేను ఆమె దగ్గర మాత్రం వాగుతూనే ఉండేదాన్ని. ఆమె కత్తి ఆగేది కాదు, నా మాటా ఆగేది కాదు.

పిల్లలకు ఆమె సలహా చెప్పే పద్ధతే వేరు. పెద్దయ్యాక ఏమవుతావని ఎవరినీ అడిగేది కాదు. కాగితం మీద ఆరు దినాలకు గళ్లు గీసి, ఏ పొద్దున ఏ పాఠం ఉంటుందో, ఏ మధ్యాహ్నం ప్రయోగశాలలో నిలబడాలో రాసి చూపేది. "ఒక ఏడు పి.యు.సి., ఆమీద డిగ్రీకి మూడేండ్లు. నాలుగేండ్లు ఈ గళ్లలో బతకాల. యా గడి చూస్తే నీకు కడుపులో నొప్పి వస్తాదో చెప్పు," అనేది.

నా ముందు రెండు దారులు ఉన్నాయి. చింతామణిలో అప్పుడే తెరిచిన కాలేజీలో ఆర్ట్స్ మాత్రమే ఉండేది. పొద్దున బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు వచ్చేయవచ్చు. సైన్సు కావాలంటే బెంగుళూరు పోయి మా చిన్నమ్మ ఇంట్లో ఉండాలి. నాయన దేనికీ అడ్డు చెప్పలేదు. "పాప యేది అంటే అదే. నువ్వే అడిగి తెల్సుకోమ్మా," అని అక్కకు వదిలేశాడు. అవ్వకు మాత్రం ఒకటే దిగులు. "బెంగుళూర్లో నీళ్లు కొళాయిలో వస్తాయంట. ఆడ అలవాటైతే ఇది మళ్లా బాయికాడికి పోతాదా?"

నాకు అక్క గళ్లు గీయలేదు. ట్రంకు పెట్టె తెరిచి రెండు పుస్తకాలు తీసి ఇచ్చింది. ఒకటి తాను కాలేజీలో చదివిన ఫిజిక్సు. ఇంకొకటి తిరిగి వచ్చాక తన కోసమే కొనుక్కున్న చరిత్ర.

"ఎనిమిది దినాలు పెట్టుకో. చదివే తీరాలని యేమీ లేదు. బుద్ధి పుడితే తెరువు, లేదంటే ఊరికే ఉండనీ. ఆమీద అర్జీ రాస్తాము," అంది.

ఇంటి వెనక గడ్డివామి నీడలో కూర్చుని ఫిజిక్సు తెరిచాను. పుటల మధ్య నుంచి ఒక చిన్న చింతాకు జారి నా ఒళ్లో పడి, గాలికి ఎగిరిపోయింది. పట్టించుకోలేదు. మరునాడు చరిత్ర తెరిస్తే అందులోనూ సరిగ్గా నడిమి పుటల్లో ఒక చింతాకు ఉంది. అప్పుడు అర్థమైంది. నోటితో అడిగితే పిల్లలు పెద్దవాళ్లకు నచ్చే జవాబే చెబుతారని ఆమెకు తెలుసు. అందుకే నన్ను అడగకుండా ఆకును అడగబోతోంది. పుస్తకం తెరిస్తే ఆకు రాలిపోతుంది, తెరవకపోతే ఉన్నచోటే ఉంటుంది.

ఆ ఆకునూ గాలికి వదిలేశాను. చరిత్ర బాగానే ఉంది. రాజుల వెనక రాజులు వచ్చి పోయారు. నాలుగు పుటలకు ఒకసారి నేను ఆవులించాను. ఫిజిక్సు అట్లా కాదు. ఇంగ్లీషు నాకు సగమే తెలిసింది. మిగతా సగానికి అక్క అంచుల్లో పెన్సిలుతో, తెలుగులో, సన్నగా అర్థాలు రాసుకుని ఉంది. ఆ అక్షరాల వెంట పడి నడిచాను. కాంతి పాఠం దగ్గర ఆగిపోయాను. పగిలిన లాంతరు గాజు ముక్క మీద నీటిబొట్టు వేసి పుట మీద పట్టుకున్నాను. బొట్టు కింద అక్షరాలు ఉబ్బి పైకి వచ్చాయి. పుస్తకంలో అట్లా అవుతుందని రాశారు, అట్లాగే అయింది. బొట్టు జారి కాగితం తడిసినా చూసుకోలేదు. ఆ పాఠం ఎన్నిసార్లు చదివానో గుర్తు లేదు.

ఏడో రోజు చిన్నమ్మ దగ్గర నుంచి జాబు వచ్చింది, పిల్లను పంపండి, నేను చూసుకుంటాను అని. ఆ జాబు విన్నాకనే నాకు తెలివి వచ్చినట్టయింది. సైన్సు అంటే గోడ అవతల అక్క లేకపోవడం. సాయంత్రాలు ఎవరి పక్కన కూర్చోవాలి? లోపల పుట్టే మాటలన్నీ ఎవరితో చెప్పుకోవాలి? నీటిబొట్టూ కావాలి, అక్కా కావాలి. రెండూ ఒకచోట లేవు.

ఎనిమిదో రోజు పొద్దున పెరటి చింత కొమ్మ నుంచి ఒక్క ఆకు తుంచి, ఫిజిక్సు నడిమి పుటల్లో పెట్టి మూశాను. నా మోసం అదే.

అక్క ముందు చరిత్ర విప్పింది. ఆకు లేదు. తర్వాత ఫిజిక్సు విప్పి చాలాసేపు చూసింది.

"ఇది తెరవనే లేదా మే?"

"లేదక్కా. చూస్తేనే భయమైంది. చింతామణికే పోతా."

"సరే," అని పుస్తకం మూసి మల్బరీ ఆకు తరగడానికి కూర్చుంది. నేను ఆమె మొహం చూడలేక ఏదో పని ఉందని ఇంటికి వచ్చేశాను.

మరునాడు హెడ్ మేష్ట్రు ఇచ్చిన రెండు కాలేజీల అర్జీలూ నాయన ఆమె ముందు పెట్టాడు. అక్క చింతామణిది మడిచి పక్కన పెట్టింది. బెంగుళూరుది నింపి, సంతకం కోసం నాకు అందించింది. ఐచ్ఛిక విషయాలు రాసే చోట ఫిజిక్సు, కెమిస్ట్రీ, బయాలజీ అని ఉంది.

"పాప చింతామణి అన్నింది కదమ్మా?" అన్నాడు నాయన.

"అన్నింది చిన్నాయనా. అబద్ధం చెప్పింది." అక్క ఫిజిక్సు తెచ్చి నా ముందు తెరిచింది. "ఎనిమిది దినాలు పుస్తకంలో అణిగిన ఆకు ఎండి పండుబారాల. నిన్న ఇది చెట్టు మింద ఉన్నట్ల ఉన్నింది. తెరవని పుస్తకంలోకి పచ్చాకు యాడ నుంచి వచ్చె మే?"

నాయన పగలబడి నవ్వాడు. నేను ఏడ్చాను. అక్క నవ్వలేదు. కాంతి పాఠం దగ్గర తడిసి ఉబ్బిన పుటను వేలితో నిమిరింది. "పెద్దోళ్లకు నచ్చాలని నేను లెక్కలు తీసుకుంటి. నువ్వు భయంతో చరిత్ర తీసుకుంటాండావు. ఆ గళ్లలో కూర్చునేది నువ్వే, ఇంకెవరూ రారు. సంతకం చెయ్యమని నేను చెప్పను. చదవలేదని మాత్రం చెప్పద్దు," అని కలం నా ముందు పెట్టింది.

ఆ పుట చూస్తూ చూస్తూ సంతకం చేశాను.

ఆ తర్వాత నెల రోజులు ఆమె నన్ను కాలేజీకి తయారుచేసింది. గళ్లు గీసింది. మొదటి నెల ఇంగ్లీషు చెవికి ఎక్కదు, విన్నది విన్నట్టు తెలుగు అక్షరాల్లో రాసుకుని ఇంటికి పోయి పుస్తకంలో వెతుక్కో అంది. ముందు బెంచీలో కూర్చో, వెనక్కి పోయే కొద్దీ సిగ్గు పెరుగుతుంది అంది. తెలియనిది ఆ దినమే అడగమంది, మరునాటికి అడగడం ఇంకా కష్టమవుతుందట. అన్నిటికీ తల ఊపాను. ఆ నెలంతా ఒక్కసారి కూడా అసలు సంగతి చెప్పలేదు. సైన్సంటే భయం కాదక్కా, నిన్ను విడిచి ఉండలేక అట్లా చేశాను అని అనడానికి నోరు రాలేదు.

దసరా సెలవులకు పరుగెత్తుకుంటూ వచ్చేసరికి పక్కింటికి తాళం వేసి ఉంది. వాళ్లన్న వచ్చి తల్లినీ అక్కనూ భద్రావతికి తీసుకుపోయాడని మా అమ్మ చెప్పింది.

"వాళ్లన్న జాబు నువ్వు బెంగుళూరికి పోకముందే, అర్జీలు రాసేటప్పుడే వచ్చినింది. పాపకు చెప్పద్దు, చెప్తే కదలదు అని మీ అక్క నాతో అన్నింది," అంది.

నేను తాళం చూస్తూ నిలబడ్డాను. ఆమెకు అన్నీ తెలుసు. ఎందుకు ఏడ్చానో కూడా తెలుసు. ఆమె కోసం చింతామణిలో చేరి ఉంటే, ఇప్పుడు నాకు ఆమె ఉండేది కాదు, నీటిబొట్టూ ఉండేది కాదు. భద్రావతికి రాసిన జాబులకు రెండుసార్లు బదులు వచ్చింది. తర్వాత వాళ్లన్న ఇంకో ఊరికి మారిపోయాడని విన్నాను. నా జాబులు తిరిగి రాలేదు, బదులూ రాలేదు.

ఇప్పుడు చిక్కబళ్లాపురంలో ఆడపిల్లలకు సైన్సు చెబుతున్నాను. నలుగురిలో నోరు విప్పడానికి ఇప్పటికీ సిగ్గే, పాఠం చెప్పేటప్పుడు మాత్రం అది ఎక్కడికో పోతుంది. వేసవిలో పిల్లలు అర్జీలు పట్టుకుని వస్తారు. వాళ్లు ఏం కావాలంటున్నారో వింటాను. ఎవరిని విడవలేక ఆ మాట అంటున్నారో కూడా చూస్తాను. ఒకతెకు అమ్మ, ఒకతెకు పక్క బెంచీ స్నేహితురాలు. కిందటేడు ఒక పిల్లకు అది నేనే. అక్క చేసినట్టు ఆ పిల్లను పంపడం నాకు చేతనయింది గాని, అక్కలాగా నవ్వుతూ అబద్ధం చెప్పడం చేతకాలేదు.

నన్ను బెంగుళూరు బస్సు ఎక్కించడానికి ఆ రోజు చింతామణి దాకా వచ్చింది ఆమె. బస్సు కదులుతుంటే కిటికీ పక్కనే నాలుగడుగులు నడిచి, కమ్మీల మీద ఉన్న నా వేళ్లు పట్టుకుని నవ్వుతూ అంది:

"ఏడవద్దు మే. సెలవులకు వస్తావు కద. నేను యాడికి పోతాను, ఈడనే ఉంటా."