చింతపండుతో తోమిన సైన్యం

తిరువూరులో పురుగుమందుల కొట్టు పెట్టుకున్నవాడికి రష్యావాళ్ళతో, టర్కీవాళ్ళతో ఏం పని అని మా అమ్మ పదకొండేళ్ళుగా అడుగుతోంది. ఇంట్లో ఉండేది ఆమె, నేను, ఇద్దరమే. చెప్పినా గోడకు చెప్పుకున్నట్టే. నూటయాభై ఏళ్ళ కిందట డాన్యూబ్ నది దాటి వచ్చిన రష్యా సైన్యాన్ని ప్లెవ్నా అనే ఊరి దగ్గర టర్కీ సైన్యం నెలల తరబడి ఆపేసింది. ఆ యుద్ధాన్ని బల్ల మీద, బొటనవేలి కణుపంత లోహపు సైనికులతో మళ్ళీ ఆడటం నా పిచ్చి. టేపుతో కొలిచి దళాన్ని జరపాలి. తుపాకి దెబ్బ తగిలిందో లేదో పాచికలు వేసి తేల్చాలి. ఇది పిల్లలాట కాదు మొర్రో అని నెత్తీ నోరూ కొట్టుకున్నా నమ్మినవాడు లేడు.

ఆ సైనికులు రంగు లేకుండానే వస్తారు. రంగులు మనమే వేసుకోవాలి. టర్కీవాడికి ఎర్ర కుళ్ళాయి, నీలం కోటు, పసుప్పచ్చ గుండీలు. రష్యావాడికి తెల్ల టోపీ, ముదురాకుపచ్చ కోటు. మడతల్లో నీడ కనపడాలని చివర్న పల్చటి నల్లపూత. రెండు వైపులా కలిపి నూట ఇరవై మందికి రెండేళ్ళు పట్టింది. బేరాల్లేని మధ్యాహ్నాలన్నీ కొట్లో కూర్చుని అదే పని. ఊపిరి బిగబట్టి గుండీ దిద్దుతుంటే వినగడప నుంచి వచ్చే రైతు ఒకాయన పత్తికొమ్మ తెచ్చి నా ముక్కు కింద పెట్టి, "తెల్లదోమకి ఏం కొట్టమంటావయ్యా?" అనేవాడు. గుండీ కాస్తా గడ్డం మీదకు పోయేది.

అంతకంటే పెద్ద చిరాకు, ఎదుటి మనిషి లేకపోవడం. ఇటు రష్యా నేనే, అటు టర్కీ నేనే. నా ఎత్తు నాకు తెలియకుండా ఎలా దాచుకోను? సగంలో విసుగొచ్చి లేచిపోయేవాణ్ణి.

కిందటేడు ఫోన్లో ఒక గ్రూపులో ఈ ఆట తెలిసినవాడు తగిలాడు. ఏ బొంబాయిలోనో ఉంటాడనుకున్నాను. తీరా అడిగితే మా పక్కనే, గంపలగూడెం! బదిలీ మీద వచ్చిన బ్యాంకు ఉద్యోగి. ఆదివారం పొద్దున వస్తానన్నాడు. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఆట నచ్చకపోతే మళ్ళీ రాడు. అతను రాకపోతే నాకు ఈ జన్మకింతే.

శనివారం సాయంత్రం కొట్టు కట్టేసి ఇంటికొచ్చాను. పెరటి అరుగు మీద పాత చీర పరిచి ఉంది. దాని మీద దేవుడి కుందులు, హారతి పళ్ళెం ఆరబెట్టి ఉన్నాయి. వాటి పక్కనే, ముందురోజు కొట్లోంచి తెచ్చి పెట్టుకున్న నా నూట ఇరవై మంది తళతళలాడుతున్నారు. ఎరుపు లేదు, నీలం లేదు.

"పొద్దున్నుంచీ చింతపండు నీళ్ళలో నానేశానురా. అబ్బ, ఎంత కిలుం పట్టాయో! స్టీలు పీచుతో తోమితేగానీ వదల్లేదు," అంది అమ్మ, చావు కబురు చల్లగా.

నా ఒళ్ళు మండిపోయింది. "ఎవరు తోమమన్నారమ్మా నిన్ను?"

"ఎవరో పెద్దమనిషి వస్తున్నాడన్నావుగా. నల్లగా కిలుం పట్టిన బొమ్మలు ముందు పెడితే ఆయనేమనుకుంటాడు?"

నేను వేసిన నీడ ఆమె కంటికి కిలుం. పక్కింటివాళ్ళు గోడ మీదుగా తొంగిచూసేలా అరిచాను. రెండేళ్ళ కష్టం గంగలో కలిపావన్నాను. ఆమె చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికెళ్ళింది. అన్నం తినలేదు, మాట్లాడలేదు. తప్పు చేసింది తనైతే అలక కూడా తనదేనా అని నాకు ఇంకా కోపమొచ్చింది.

ఆదివారం అతను షేర్ ఆటోలో దిగాడు. బల్ల మీద సైన్యాన్ని చూసి, "ఏంటండీ ఇవి, వెండివా?" అన్నాడు. జరిగింది చెప్పాను. నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆట మొదలుపెట్టాం. కుళ్ళాయో టోపీయో దగ్గరికెళ్ళి చూస్తేగానీ ఎవడు ఎవడో తెలియడం లేదు. అతను రెండుసార్లు నా దళాన్ని తనదనుకుని జరిపాడు. రెండుసార్లూ "సారీ అండి" అన్నాడు. నాకు తల బాదుకోవాలనిపించింది. మధ్యాహ్నం దాటకముందే టైము చూసుకుని, పాచికలు సంచీలో వేసుకున్నాడు.

గుమ్మం దాకా వెళ్ళాను. మళ్ళీ ఎప్పుడొస్తారు అని అడగాలని నోరు తెరిచాను. అడిగితే, చూద్దాం లెండి అంటాడేమోనని భయం. "ఎండ బాగా ఉందండి," అన్నాను. ఛీ, అదా నేను అనాల్సింది!

నిన్నటి నుంచి నాతో పలకని అమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను దాటుకుని గడప దగ్గర నిలబడింది.

"బాబూ, ఆ బొమ్మలు పాడుచేసింది నేను. వాడి తప్పేం లేదు. వాడితో ఆడుకోవడానికి ఈ ఊళ్ళో ఎవరూ లేరు. మళ్ళీ ఎప్పుడొస్తారు?"

నలభై ఆరేళ్ళవాణ్ణి, సిగ్గుతో చచ్చిపోయాను. అతను చెప్పులు వేసుకుంటున్నవాడల్లా ఆగి, నన్ను కాదు, ఆమెనే చూస్తూ అన్నాడు: "వచ్చే ఆదివారం రంగులు తీసుకుని వస్తానండి, అమ్మగారూ."