మా మామయ్య జేబులో సీసా

మా మామయ్య పోయారని పోయిన నెల ఒక సోమవారం పొద్దున మా మరిది సూరత్ నుంచి ఫోన్ చేశాడు. "వదినా, నాయిన పోయిండు. చాయ్ తాగిండు, గోడకు ఒరిగిండు, గంతే" అన్నాడు. లోపల స్నానం చేస్తున్న మా ఆయనకు ఈ కబురు ఎలా చెప్పాలా అని వంటింట్లో నిలబడిపోయాను. నాకు వెంటనే ఏడుపు రాలేదు. ఎక్కడి నుంచో స్పిరిట్ వాసన వచ్చి ముక్కుకు తగిలినట్టయింది. ముప్పై ఏళ్ల కిందటి వాసన. ఆ వాసన విషయంలో మామయ్యతో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది. ఇక ఆయనకు చెప్పే వీలు లేదు కనుక మీకు చెబుతున్నాను.

నా పెళ్లి తొంభైల మొదట్లో అయింది. మా నాన్న సారాకు బలైపోయిన మనిషి. అందుకే మా అమ్మ పెళ్లికొడుకు జీతం అడగలేదు, ఇల్లు ఎలాంటిదని అడగలేదు. "గుజరాత్‌ల మందు బందట బిడ్డా, సర్కారే అమ్మనియ్యదట" అని ఆ ఒక్క ధైర్యంతో నన్ను సూరత్ పంపింది. లింబాయత్‌లోని అత్తవారి గదిలో అడుగుపెట్టిన వారానికే నాకు సంగతి తెలిసింది. మందు బందైన ఊళ్లో అది సీసాల్లో కాక ప్లాస్టిక్ పొట్లాల్లో దొరుకుతుంది, అంతే తేడా. షిఫ్టు దిగిన మగవాళ్లు కొందరు గోడలు పట్టుకుని ఇళ్లకు చేరేవాళ్లు. అప్పటి నుంచి గుమ్మం దాటి వచ్చే మగవాళ్ల నోటి వాసన కనిపెట్టడం నాకు అలవాటైపోయింది.

ఇంట్లో మామయ్య, ఆయన ఇద్దరు కొడుకులు, నేను. అత్తయ్య నా పెళ్లికి ముందే పోయింది. మామయ్య మరమగ్గాలు బాగుచేసే పనిలో ఉండేవారు. మా వాళ్లు వాటిని సాంచాలంటారు. ఆ సాంచాల చప్పుడులో పాతికేళ్లు గడిపేసరికి చెవులు మందగించి, ఏ మాటైనా అరిచినట్టే చెప్పేవారు. పప్పులో ఉప్పు తక్కువైతే వీధి చివరి ఇంటికి కూడా తెలిసిపోయేది. అంత గొంతున్న మనిషి ఒక్క విషయంలో మాత్రం నోరు విప్పేవారు కాదు. నా అనుమానం అక్కడ మొదలైంది.

వారానికి ఒకసారి, సాంచాలు ఆగే సెలవు రోజున, ఆయన కతర్‌గామ్ వెళ్లొచ్చేవారు. అది వజ్రాలు సానబట్టే వాళ్ల పేట. "ఆడ ఏం పని మామా?" అని అడిగితే "దోస్తున్నడు" అనేవారు, అంతే. సాంచాల మనిషికి వజ్రాల పేటలో దోస్తెవరు? తిరిగి వచ్చేటప్పుడు చొక్కా లోపలి జేబు ఉబ్బెత్తుగా ఉండేది.

ఒకరోజు ఊడుస్తుంటే బియ్యం డబ్బా వెనక చిన్న గోధుమరంగు సీసా కనబడింది. చీటీ మీద గుజరాతీ అక్షరాలు, నాకు చదవడం రాదు. మూత తీశాను. స్పిరిట్ ఘాటు గుప్పుమంది. మా నాన్న దాచుకున్న చోట్లన్నీ ఒక్కసారిగా కళ్లముందు తిరిగాయి. సీసాను మళ్లీ అక్కడే పెట్టి, అందులోని మందు ఎంతవరకు ఉందో కాటుకతో సన్నటి గీత గీశాను. రెండు రోజుల్లో మందు గీతకు వేలెడు కిందికి దిగింది.

అప్పటి నుంచి నా కళ్లు ఆయన వెంటే ఉండేవి. సాయంత్రం పని దిగి వచ్చి, సీసా జేబులో వేసుకుని కార్ఖానా వెనక్కి పోయేవారు. అరగంటకు వచ్చి చేతులు రుద్ది రుద్ది కడుక్కునేవారు. ఒకసారి చొక్కా చేతి అంచుకు నెత్తురు మరక కనబడింది. ఎక్కడో తాగి కొట్లాడి ఉంటారనుకున్నాను. మా ఆయనతో అంటే తేలిగ్గా కొట్టిపారేశారు. "నాయిన తాగుడు ఇడిసిపెట్టి పదేండ్లయింది" అన్నారు. విడిచిపెట్టారంటే, అంతకు ముందు ఉన్నట్టే కదా! పెళ్లప్పుడు ఆ మాట మాకెవరూ చెప్పలేదు. నా అనుమానం రెట్టింపైంది.

కడుపులో దాచుకోలేక ఒకనాడు నల్లా దగ్గర పక్కింటి అక్కతో అనేశాను. "మా మామ జేబుల మందు సీసా పెట్టుకొని తిరుగుతున్నడక్కా." ఆ అక్క నోట్లో నువ్వుగింజ కూడా నానదని తెలిసే చెప్పాను. ఎవరైనా నలుగురు అడిగితే ఆయనే సిగ్గుపడి మానేస్తారని నా ఆశ.

ఆ మర్నాడే సీసా మోరీలో ఒంపేసి, నీళ్లు నింపి పెట్టాను. ఆ సాయంత్రం మామయ్య పోయినంత వేగంగా తిరిగొచ్చి సీసా నా ముందు పెట్టారు.

"బిడ్డా, ఈ సీసలది ఏడ వోసినవ్?"

ఆ గొంతుకు పక్కిళ్ల తలుపులు తెరుచుకున్నాయి. నేనూ గొంతు పెంచాను. "మోరీల వోసిన! మా నాయినను తిన్నది సాలదా? ఈడ గూడ గదేనా మామా?"

ఆయన సీసా మూత బిగించి జేబులో వేసుకున్నారు. తర్వాత, "చెప్పులేస్కో, నడువు" అన్నారు.

కార్ఖానా వెనక పనికిరాని దారం కుప్ప ఉంటుంది. దాని మీద ఒక గోధుమరంగు ఆడకుక్క పడుకుని ఉంది. టెంపో చక్రం రాసుకుపోయి వెనక కాలి తోలు తొడ నుంచి లేచిపోయింది. నన్ను చూసి గుర్రుమంది. మామయ్య పక్కన కూర్చుని, కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగారు. సీసాలో ఉండేది బంతిపూల అర్కు, అంటే సారమట. స్పిరిట్‌లో తీస్తారట. రోజూ దాన్ని నీళ్లలో చుక్కలుగా కలిపి, ఆ నీళ్లతో గుడ్డ తడిపి కట్టేవారు. పుండులో పురుగులు పడితే సీతాఫలం ఆకు నూరి పెట్టేవారు. "మన దిక్కు ఎడ్లకు పెడ్తరు గదా, గదే" అన్నారు. దెబ్బ నొప్పికి తెల్లటి చక్కెర గోళీలు. కతర్‌గామ్ దోస్తు వజ్రాలు సానబట్టే ముసలాయన. పుస్తకాలు చదివి హోమియో మందులు ఉచితంగా ఇస్తాడు. సూరత్‌లో అందరూ కాకా అని పిలిచే రకం పెద్దమనిషి.

"మంచి పనే గదా మామా, దాసిపెట్టుడెందుకు?" అన్నాను.

"ఎవల్ని నమ్మాలె? పోయిన నెల ఎవలో కుక్కలకు రొట్టెల విషం పెట్టిన్రు. రెండు సచ్చినయ్. ఏ ఇంటి రొట్టెనో తెల్వది." కట్టు ముడి వేస్తూ, తల ఎత్తకుండానే అన్నారు. "నువ్వు గూడ వచ్చిన కొత్తల కుక్కల మీద ఏడినీళ్లు సల్లినవ్."

చల్లిన మాట నిజమే. నేను ఆయన సీసాను అనుమానిస్తున్న రోజుల్లో ఆయన నా రొట్టెల్ని అనుమానిస్తున్నారన్నమాట.

కాకా దగ్గరి నుంచి కొత్త సీసా వచ్చింది. నాలుగు రోజులైనా కాకముందే, ఒక మధ్యాహ్నం పక్కింటి అక్క మా గుమ్మంలో వచ్చి నిలబడింది. "మీ మామను పోలీసోళ్లు చౌకీకి తీస్కపోయిన్రు. జేబుల సీసా దొరికిందట" అంది. చెప్పి, నా కళ్లలోకి చూడలేక పక్కకు చూసింది. నల్లా దగ్గర నేను అన్న మాట ఎంతదూరం నడిచిందో నాకు అర్థమైంది.

మా ఆయన షిఫ్టులో ఉన్నారు. కబురు పెట్టి ఎదురుచూసేంత ఓపిక లేకపోయింది. దారం కుప్ప దగ్గరికి పోయి, ఆ కుక్కను నా పాత చీరలో చుట్టి ఎత్తుకున్నాను. ఎత్తుకునేటప్పుడు మణికట్టు మీద పన్ను దించింది. అయినా వదల్లేదు.

చౌకీలో బల్ల మీద సీసా, బల్ల పక్కన మామయ్య. హవల్దార్ నన్ను, నా చేతుల్లోని మూటను చూసి "యే క్యా లాయీ?" అన్నాడు. నాకొచ్చిన హిందీలో "కుత్తే కీ దవా హై, సాబ్" అన్నాను. కుక్క మందులో దారూ వాసన ఎందుకొస్తుందని అతని అనుమానం. తప్పుపట్టలేను, నాదీ అదే అనుమానం కదా. కుక్క కాలు బయటికి తీసి కట్టు చూపించాను. అతను సీసా వాసన చూశాడు. వంగి దూరం నుంచే కట్టు వాసన చూశాడు. కుక్క గుర్రుమంటే వెనక్కి జరిగాడు. రెండూ ఒకటే వాసన. అయినా నమ్మకం కుదరక "మూ ఖోల్" అని మామయ్య నోరు తెరిపించాడు.

హవల్దార్ ముందుకు వంగినప్పుడు నేను కూడా వంగాను. ఎందుకు వంగానో ఇప్పటికీ చెప్పలేను. అంతా కళ్లారా చూశాక కూడా, ఆ క్షణంలో నాకూ తెలుసుకోవాలనిపించింది. బీడీ వాసన తప్ప ఏమీ లేదు. మామయ్య నన్ను చూశారు. మెల్లగా నోరు మూసుకున్నారు.

సీసా బయట పారబోసి ఆయన్ని పంపించేశారు. దారిలో కుక్కను ఆయనే ఎత్తుకున్నారు. కొంతదూరం పోయాక, నేనెప్పుడూ వినని తగ్గు గొంతుతో అన్నారు. "ఎవలు చెప్పిన్రో గని."

"ఎవలో" అన్నాను నేను.

నేను చెప్పాల్సి ఉండిపోయిన మాట అదే. నేనే చెప్పాను మామా అని ఆ రోజు అనలేదు. ఆ తర్వాత ముప్పై ఏళ్లలోనూ అనలేదు.

ఆయన మళ్లీ అడగలేదు. నా మణికట్టు మీద పంటి గాటు చూసి సబ్బుతో చాలాసేపు కడిగించి, అటునుంచి అటే ఆస్పత్రికి తీసుకుపోయారు. "గోళీలు ఇయ్యవా మామా?" అని ఎగతాళిగా అన్నాను. ఆయన నవ్వలేదు. "గీ దానికి గోళీలు పనికిరావు. సూదులే. అన్నీ ఏపిచ్చుకోవాలె" అన్నారు. ప్రతి సూదికీ నా వెంట వచ్చి వరసలో నిలబడ్డారు.

మరుసటి వారం కొత్త సీసా తెచ్చి నా చేతిలో పెట్టారు. "ఇగ ఇది నీ తాన ఉండని. గీత నువ్వే పెట్టు" అన్నారు. కాటుక గీత ఆయన మొదటి రోజే చూశారన్నమాట. గీతను కనిపెట్టిన మనిషి తక్కినది కనిపెట్టలేదా? కనిపెట్టే ఊరుకున్నారా? సీసా నాకిచ్చింది నమ్మకంతోనా, నన్ను సిగ్గుపడమనా? ఇవి ఆయనను అడగలేని ప్రశ్నలు. అడిగితే నేను ముందు నా సంగతి చెప్పాలి.

అలా నేను ఆయన పనిలో చేరిపోయాను. చేరినా, గోళీల మీద నాకు నమ్మకం కలగలేదు. ఇప్పటికీ లేదు. ఆ గోధుమరంగు కుక్క కుంటుతూనైనా లేచి తిరిగింది. అది గోళీల మహిమో, రోజూ పుండు కడిగి ఈగ వాలకుండా చూసిన మామయ్య మహిమో నాకు తెలియదు. ఒకసారి నడుం విరిగిన నల్ల కుక్క ఒకటి వచ్చింది. "దీన్ని పశువుల డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం మామా" అంటే, "జర రెండు రోజులు సూద్దాం" అని గోళీలు వేశారు. మూడో రోజు పొద్దునకు అది చచ్చిపోయింది. ఆయన రెండు పూటలు అన్నం ముట్టలేదు. తర్వాత ఒక్క మాట అన్నారు. "నీ మాట ఇనాల్సింది." ఆ రోజు నుంచి ఎముక విరిగిందనిపిస్తే తోపుడుబండి మీద వేసుకుని నేరుగా డాక్టర్ దగ్గరికే. గోళీల డబ్బా మాత్రం జేబులో ఉండనే ఉండేది.

"నాకు నమ్మకం లేదు మామా, నాతోని ఎందుకు చేపిస్తవ్?" అని ఒకసారి అడిగాను.

"నమ్మనోళ్లే కట్టు ఇప్పి ఇప్పి సూస్తరు" అన్నారు. "నమ్మినోడు కట్టి మర్సిపోతడు."

మేము వరంగల్ వచ్చేశాక ఆయన సూరత్‌లోనే, కోసాడ్‌లో మరిది దగ్గర ఉండిపోయారు. పోయినసారి నేను వెళ్లేసరికి ఆయనకు వినికిడి పూర్తిగా పోయింది. ఇప్పుడు చెబితే వినబడదు కదా, చెప్పేద్దామా అనుకున్నాను. అది చెప్పినట్టు కాదని మానేశాను.

ఆయన్ని తలచుకుంటే నాకు ముందుగా డుమస్ సముద్రతీరం గుర్తొస్తుంది. ఆ రోజుల్లోనే ఒక ఆదివారం అందరం సముద్రం చూడటానికి వెళ్లాం. మేము బండి దగ్గర వేడి భజియాలు తింటున్నాం. మామయ్య ఒక్కరే పోయి నల్లటి ఇసుకలో కూర్చున్నారు. ఎక్కడిదో ఒక మచ్చల కుక్క, ఆయన్ని ఎన్నడూ చూడనిది, దూరంగా ఆగి చాలాసేపు చూసింది. దగ్గరికొచ్చింది. వెనక్కి పోయింది. మళ్లీ వచ్చింది. ఆయన ఏమీ పెట్టలేదు, పిలవలేదు, చెయ్యి మాత్రం చాపి ఉంచారు. చివరికి పళ్లు బయటపెట్టి గుర్రుమంటూనే, ముందరి కాలు ఎత్తి ఆ చేతిలో పెట్టింది. ఆయన తలవంచి, దాని వేళ్ల సందుల్లో ఇసుక మెల్లగా దులుపుతూ కూర్చున్నారు.